ఇల్లు మారేటప్పుడు గ్యాస్ బండ సంగతి: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లయిన పద్నాలుగేళ్లలో మేం ఏడు అద్దె ఇళ్లు మారాం, అందులో ఐదు హైదరాబాద్‌లోనే. ప్రతిసారీ టీవీకి దుప్పటి చుడతాం, గాజు గ్లాసులకి పాత పేపర్లు చుడతాం, దేవుడి పటాలైతే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాం. గ్యాస్ బండ దగ్గరికొచ్చేసరికి అప్పటికే అందరూ అలిసిపోయి ఉంటారు, కింద డ్రైవర్ హారన్ కొడుతుంటాడు, ఎవరో ఒకరు "అది కూడా ఆ సందులో తోసెయ్ అన్నా" అనేస్తారు. మాకూ ఒకసారి అలాగే అయింది, ఆ కథ కింద చెప్తాను. అప్పట్నించి ఏజెన్సీలోనూ డెలివరీ అబ్బాయిల దగ్గరా అడిగి తెలుసుకున్నవి, చుట్టాలూ స్నేహితులూ ఇల్లు మారే ముందు ఫోన్ చేసి నన్ను అడిగేవి ఇక్కడ రాస్తున్నాను.

అసలు బండని మనతో తీసుకెళ్లాలా, ఏజెన్సీకి ఇచ్చేయాలా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే, కానీ చాలామంది సామాన్లు ఎక్కించే రోజు పొద్దున ఆలోచిస్తారు. మీరు వెళ్లేది వేరే ఊరైతే, అంటే హైదరాబాద్ నుంచి విశాఖకో, గుంటూరు నుంచి బెంగళూరుకో అయితే, బండ మోసుకెళ్లే పనే లేదు. బండలూ రెగ్యులేటరూ మీ ఏజెన్సీకి తిరిగి ఇచ్చేస్తే డిపాజిట్ డబ్బులిచ్చి, ట్రాన్స్‌ఫర్ టెర్మినేషన్ వోచర్ అనే కాగితం ఇస్తారు. దాన్ని కొత్త ఊళ్లో అదే కంపెనీ ఏజెన్సీలో చూపించి, డిపాజిట్ కట్టి, అక్కడి బండలు తీసుకోవాలి. మీ కనెక్షన్ పోదు, ఇనుము మాత్రం అక్కడిది అక్కడే ఉంటుంది.

అదే ఊళ్లో వేరే ఏరియాకి వెళ్తుంటే బండలు మీ దగ్గరే ఉంచుకోవచ్చు. పాత ఏజెన్సీ నుంచి కస్టమర్ ట్రాన్స్‌ఫర్ అడ్వైస్ తీసుకుని కొత్త ఏజెన్సీలో ఇస్తే సరిపోతుంది. ఒకే ఏజెన్సీ పరిధిలో గల్లీ మారుతుంటే చిరునామా మార్పించుకోవడమే, ఇంకేం లేదు. బుకింగ్ ఏదైనా పెండింగ్‌లో ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోండి, లేకపోతే నిండు బండ ఒకటి పాత ఇంటి గుమ్మం ముందుకొస్తుంది, మీరేమో కొత్త ఇంట్లో కరెంట్ పొయ్యి మీద నీళ్లు కాచుకుంటూ ఉంటారు.

డిపాజిట్ పూర్తిగా వస్తుందా?

మీరు కనెక్షన్ తీసుకున్న రోజు కట్టినదే వస్తుంది, కొత్త ఊళ్లో ఇప్పటి రేటు కట్టాలి. 2022 జూన్‌లో 14.2 కిలోల బండ డిపాజిట్‌ని 1,450 నుంచి 2,200 రూపాయలకీ, రెగ్యులేటర్‌ది 150 నుంచి 250కీ పెంచారు. పాత రేటుకి రెండు బండలు తీసుకున్నవాళ్లకి 3,050 చేతికొస్తే, మళ్లీ 4,650 కట్టాల్సి వస్తుంది. ఈ తేడా చూసి కొంతమంది "ఎందుకొచ్చింది, లారీలో వేసుకుపోదాం" అనుకుంటారు. పదహారు వందల కోసం ఆరు వందల కిలోమీటర్లు గ్యాస్ బండని సామాన్ల మధ్య పెట్టుకెళ్లడం నా లెక్కలో గిట్టుబాటు కాదు. పైగా అక్కడ ఆ బండకి కాగితం లేకపోతే రీఫిల్ కూడా ఇవ్వరు.

ఇంకొకటి, లోపల మిగిలిన గ్యాస్‌కి డబ్బులు రావు. అందుకే ఇచ్చేసే ముందు వాడుకుని ఖాళీ చేయండి.

పక్కింటివాళ్లకి అమ్మేస్తే? మా తర్వాత వచ్చే అద్దెవాళ్లకి వదిలేస్తే?

బండ మీది కాదండీ. అది కంపెనీది, మీరు డిపాజిట్ కట్టి వాడుకుంటున్నారంతే. రేపు వాళ్లింట్లో ఏదైనా జరిగితే ఆ కనెక్షన్ మీద ఉన్న పేరు మీది.

బండలో ఎంత గ్యాస్ మిగిలిందో ఎలా తెలుస్తుంది?

తడిగుడ్డతో బండని పైనుంచి కిందిదాకా ఒకసారి తుడిచి రెండు మూడు నిమిషాలు చూడండి. లోపల ద్రవం ఉన్నంత మేరా తడి నెమ్మదిగా ఆరుతుంది, పైన ఖాళీగా ఉన్నచోట గబగబా ఆరిపోతుంది, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. మా అత్తగారు నెలాఖరున ఇలాగే చూసి బుక్ చేయమని చెప్పేవారు. ఇంకా కచ్చితంగా కావాలంటే తూకం వేయండి. పైన పట్టుకునే రింగు కింద పట్టీల మీద ఖాళీ బండ బరువు కొట్టి ఉంటుంది, 15 లేదా 16 కిలోలకి అటూ ఇటూ. మొత్తం తూకంలోంచి అది తీసేస్తే గ్యాస్ ఎంతో వస్తుంది. నిండు బండ దాదాపు 30 కిలోలు, ఎత్తే ముందు నడుముకి కూడా చెప్పండి.

ఆ పట్టీల మీదే ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటీ, పక్కన సంవత్సరం అంకెలూ ఉంటాయి. బి 27 అంటే 2027 ఏప్రిల్ నుంచి జూన్ మధ్యలో దానికి మళ్లీ పరీక్ష చేయాలని. గడువు దాటిన బండ కనిపిస్తే కొత్త ఇంటికి తీసుకెళ్లకుండా ముందే మార్పించుకోండి.

ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లు బండ మేం తీసుకోం అంటున్నారు. వాళ్లకి అంత బద్ధకమా?

కాదు, వాళ్లు చేసేది కరెక్టే. మూసేసిన కంటైనర్ బండిలో గాలి ఆడదు, చుట్టూ పరుపులు, అట్టపెట్టెలు, చీరలు, థర్మాకోల్. ఎల్పీజీ గాలి కంటే దాదాపు రెట్టింపు బరువు, లీకైతే పైకి పోదు, అడుగున చేరి అలాగే పేరుకుంటుంది. గాలిలో సుమారు 2 శాతం కలిసినా చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఎవరైనా "పర్లేదు సార్, ఐదొందలివ్వండి, లోపల దాచేస్తాం" అన్నారనుకోండి, వాళ్లకి మీ మిగతా సామాన్లు కూడా అప్పజెప్పకండి.

అంటే బండ పేలుతుందా?

అందరూ భయపడేది ఇదే. కానీ మందపాటి ఇనుప బండ కుదుపుకి దానంతట అది బాంబులా పేలదు. పేపర్లో "సిలిండర్ పేలి" అని వచ్చేవాటిలో చాలావరకు గది నిండా లీకైన గ్యాస్ ఒక్కసారిగా అంటుకున్నవే. బండ నిజంగా చీలేది చుట్టూ మంటలున్నప్పుడు, ఆ వేడికి లోపల ఒత్తిడి పెరిగి. సామాన్ల బండికి వేరే ఏ కారణంగా నిప్పంటుకున్నా, లోపల బండ ఉంటే చిన్న మంట పెద్ద ఘోరమవుతుంది. కాబట్టి దారిలో మన కళ్లు ఉండాల్సింది వాల్వ్ మీద, గాలి ఆడుతోందా లేదా అన్నదాని మీద, దగ్గర్లో నిప్పు ఉందా అన్నదాని మీద.

బండని పడుకోబెడితే ఏమవుతుంది? నిలబెడితే పడిపోతుంది కదా?

ఇదిగో మా కథ. మే నెల, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్‌కి మారుతున్నాం. టాటా ఏస్‌లో సామాను ఎక్కిస్తున్న అబ్బాయి బండని అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా ఉంటుందని పైన పరుపు వేసి, ఆ పైన మంచం విడిభాగాలు కుక్కాడు. నేనూ చూశాను, ఏమీ అనలేదు. మూత అప్పటికే లేదు, మా చిన్నది దాన్ని బొమ్మల టీ కప్పుగా వాడుకుని ఎక్కడో పారేసింది. మియాపూర్‌లో తాళ్లు విప్పి పరుపు ఎత్తగానే గుప్పుమని కుళ్లిన వాసన. మంచం పట్టీ ఒకటి జారి దాని ఇనుప కొక్కెం సరిగ్గా వాల్వ్ నోట్లోకి దిగింది, మధ్యలో ఉండే చిన్న పిన్నుని నొక్కీ నొక్కనట్టు నొక్కుతూ ఉంది. దారి పొడుగునా ఎంత పోయిందో తెలియదు. ఈలోగా డ్రైవర్ బీడీ తీసి చెవి మీద పెట్టుకుని అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకుంటున్నాడు. నేను అరిచిన అరుపుకి పై అంతస్తువాళ్లు కూడా బాల్కనీలోకి వచ్చారు. తెరిచి ఉన్న బండి కాబట్టి గ్యాస్ చాలావరకు గాలికి కొట్టుకుపోయింది, బతికిపోయాం. పరుపుకి మాత్రం వాసన వారం రోజులు వదల్లేదు.

ఇప్పుడు కారణం. బండలో కింద ద్రవం, పైన ఆవిరి ఉంటాయి. నిలబెడితే వాల్వ్ దగ్గర ఆవిరే ఉంటుంది, లీకైనా కొద్దికొద్దిగా వస్తుంది. పడుకోబెడితే ద్రవం వాల్వ్ దాకా వస్తుంది. ఆ ద్రవం ఒక లీటరు బయటపడితే దాదాపు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. అందుకే రూల్స్ కూడా ఇలాంటి బండలు నిలబెట్టే ఉంచాలంటాయి. పడిపోతుందనుకుంటే కట్టేయాలి గానీ పడుకోబెట్టకూడదు.

ఆ మూత అంత ముఖ్యమా?

చాలా. నైలాన్ దారంతో బండకి వేలాడే ఆ ప్లాస్టిక్ మూతని మనం దుమ్ము పడకుండా పెట్టారేమో అనుకుంటాం. సరిగ్గా నొక్కి బిగిస్తే వాల్వ్ లీకుని కూడా ఆపగలదు అది. దారం కత్తిరించకండి. మూత పోయి ఉంటే ఇల్లు మారే వారం ముందే ఏజెన్సీలోనో, బండ తెచ్చే అబ్బాయినో అడిగి తెప్పించుకోండి. వాల్వ్ నోట్లో గుడ్డ కుక్కడం, పాలిథిన్ కవర్ కట్టి రబ్బరు బ్యాండ్ వేయడం లాంటివి మూత కిందికి రావు.

రెగ్యులేటర్ ఎప్పుడు, ఎలా తీయాలి?

బయల్దేరే రోజు పొద్దున టీ అయ్యాక తీసేయండి. రెగ్యులేటర్ బిగించి ఉన్న బండని ఇంట్లోనే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కూడా జరపొద్దు. దేవుడి దగ్గర దీపం, అగరొత్తి ఉంటే ముందు ఆర్పండి, వంటింటి కిటికీ తీయండి. రెగ్యులేటర్ నాబ్ ఆఫ్ చేసి, పొయ్యి మీద మంట వెలుగుతూ ఉంటే ట్యూబులో మిగిలినది కాలిపోయి అదే ఆరేదాకా ఆగి, పొయ్యి నాబ్‌లు కట్టేయండి. తర్వాత రెగ్యులేటర్ కింద ఉండే నల్ల రింగుని పైకి లేపితే అది ఊడొస్తుంది. చిన్న "టుస్సు" శబ్దం వచ్చి ఆగిపోతే సహజమే, ఆగకుండా సన్నగా వస్తూనే ఉంటే వెంటనే మూత నొక్కేయండి.

మూత పెట్టే ముందు డెలివరీ అబ్బాయిలు చేసే చిన్న పరీక్ష ఒకటి చేయండి. వాల్వ్ నోట్లో నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. బుడగలు వస్తుంటే వాల్వ్ కారుతోందని అర్థం, ఆ బండ ఎక్కడికీ కదలకూడదు. బుడగలు లేకపోతే నీళ్లు తుడిచేసి టక్కుమని వినిపించేలా మూత నొక్కండి. అగ్గిపుల్ల గీసి లీకు చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు, దయచేసి వాళ్లని ఆ రోజు ఇంటికి పిలవకండి.

మా ఇల్లు రెండు కిలోమీటర్లే. బైక్ మీద పట్టుకెళ్తే?

వద్దు, అది రూల్‌కే విరుద్ధం. గ్యాస్ సిలిండర్ రూల్స్ 2016 ప్రకారం నిండిన సిలిండర్లని సైకిల్ మీద గానీ మోటారు ద్విచక్ర వాహనం మీద గానీ తీసుకెళ్లకూడదు. "మరి డెలివరీ వాళ్లు తెస్తున్నారు కదా" అని అందరూ అంటారు. రూల్‌లో వాళ్లకి మినహాయింపేం రాయలేదు. స్కూటీ కాళ్ల దగ్గర 30 కిలోల బండ పెట్టుకుని, మోకాళ్లతో పట్టుకుని, గతుకుల రోడ్డు మీద హ్యాండిల్ తిప్పడం ఎంత కష్టమో చేసినవాళ్లకి తెలుసు.

కార్లో?

ఓపెన్ ట్రాలీ ఆటో దొరికితే కారు మాట మరిచిపోండి. వేరే గతి లేక, ఒక్క బండే ఉండి, దగ్గర దూరమే అయితే మాత్రం నేను ఒప్పుకునే పద్ధతి ఒకటుంది. డిక్కీలో పెట్టొద్దు, అది మూసిన పెట్టె. వెనక సీటు ముందు కాళ్లు పెట్టుకునే చోట నిలబెట్టి, అటూ ఇటూ దిండ్లు దూర్చి, కదలకుండా కట్టి, నాలుగు అద్దాలూ దించి, ఏసీ ఆపేసి, తిన్నగా కొత్త ఇంటికి వెళ్లి దించేయాలి. మధ్యలో టిఫిన్‌కి ఆగి కారుని ఎండలో పెట్టి తాళం వేసి వెళ్లడం, పెట్రోల్ బంకులో ఆగడం, పిల్లల్ని వెనక కూర్చోబెట్టడం వద్దు. మామూలు ప్రయాణికుల ఆటోలో మనుషులతో కలిపి బండ ఎక్కించడం కూడా వద్దు.

ట్రాలీలో ఎక్కడ పెట్టాలి?

చివర ఎక్కించాలి, ముందు దించాలి. వెనక డోర్ దగ్గర ఒక మూలకి, నిలువుగా, పక్క కమ్మీకి తాడుతో రెండు చోట్ల, పైన రింగు దగ్గరా నడుము దగ్గరా, కట్టాలి. రెండు బండలుంటే మధ్యలో గోనెసంచి మడిచి పెట్టండి, ఒకదానికొకటి కొట్టుకోకూడదు. బండి అంచు దాటి బయటికి పొడుచుకు రాకూడదు. పైన పట్టా కప్పేస్తే గాలి ఆగిపోతుంది కాబట్టి అక్కడ కప్పకుండా వదిలేయండి. వాల్వ్ వైపు మంచం కోళ్లు, ఇనుప సామాను ఏవీ లేకుండా చూడండి, మా అనుభవం పైన చదివారుగా.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. అదే బండిలో మీ బైక్ కూడా ఎక్కిస్తారు, దాని ట్యాంకులో పెట్రోలు ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కిస్తారు, అందులో యాసిడ్. టాయిలెట్ కడిగే యాసిడ్ సీసా, మిగిలిన పెయింటు, టర్పెంటైన్ అన్నీ ఒకే బకెట్లో వేసి బండ పక్కనే పెడతారు. బాగా మండేవీ, యాసిడ్ లాంటివీ సిలిండర్లతో కలిపి తీసుకెళ్లకూడదని రూల్. బైక్‌ని నడుపుకుంటూ వెళ్లిపోండి, బ్యాటరీ ఇంకో ట్రిప్పులో పంపండి.

వెనక కూర్చునే హమాలీలకి ముందే చెప్పండి, దిగేదాకా బీడీ సిగరెట్ వద్దని. ఊరికే చెబితే తలూపుతారు, టీ డబ్బులు చేతిలో పెట్టి చెబితే గుర్తుంటుంది.

మూడో అంతస్తు. మెట్ల మీద దొర్లించొచ్చా?

అడుగున ఉండే రింగు మెట్టుకి ధన్‌మని తగిలిన ప్రతిసారీ అది వంగుతుంది, తర్వాత బండ తిన్నగా నిలబడదు. ఇద్దరు చెరో వైపు పై రింగు పట్టుకుని దించండి. లిఫ్టు ఉంటే బండతో పాటు ఒక్క మనిషే వెళ్లడం మంచిది, మిగతావాళ్లు తర్వాతి ట్రిప్పులో రావచ్చు. మూత లేకుండా మాత్రం లిఫ్టులోకి అస్సలు తీసుకెళ్లొద్దు.

ఖాళీ బండే కదా, దానికి కూడా ఇంత టెన్షన్ ఎందుకు?

పొయ్యి వెలగనంత మాత్రాన బండ ఖాళీ అయినట్టు కాదు. లోపల ఇంకా ఆవిరి ఉంటుంది, అడుగున కొంచెం ద్రవం కూడా ఉండొచ్చు. మూత, నిలువు, తాడు అన్నీ దానికీ వర్తిస్తాయి.

రైల్లో పార్సిల్ వేయొచ్చా? బస్సు డిక్కీలో?

రైల్లో గ్యాస్ బండ నేరం. రైల్వే చట్టం 1989లో సెక్షన్ 164 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషన్ దగ్గర ఆగి ఉన్న ఒక యాత్రికుల బోగీ తగలబడి తొమ్మిది మంది చనిపోయారు. లక్నో నుంచి వచ్చినవాళ్లు రహస్యంగా తెచ్చుకున్న సిలిండర్‌తో లోపలే టీ కాచుకుంటుండగా అంటుకుందని రైల్వే చెప్పింది. పుణ్యక్షేత్రాలకి వంటసామానుతో బయల్దేరే అలవాటు మనవైపూ ఉంది కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నా. బస్సుల్లో కూడా ఇంతే, ఆర్టీసీ అయినా ప్రైవేటు అయినా. డిక్కీ అంటే ప్రయాణికుల కాళ్ల కింద మూసిన గది.

దారిలో వాసన వస్తే ఏం చేయాలి?

గ్యాస్‌కి దానంతట వాసన ఉండదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. వాసన తగిలితే బండిని జనం, టీ కొట్లు, టిఫిన్ బండ్లు లేనిచోట పక్కకి ఆపించండి, ఇంజన్ ఆపేయండి. బండని దించి ఆరుబయట నిలబెట్టండి, మురుగు కాలువ పక్కనా మ్యాన్‌హోల్ పక్కనా మాత్రం వద్దు, గ్యాస్ పల్లానికి పోతుంది. మూత గట్టిగా నొక్కండి. దూరంగా వెళ్లాక ఫోన్ తీసి 1906కి చేయండి, గ్యాస్ లీకు కోసమే ఉన్న నంబర్ అది, రాత్రీ పగలూ ఎత్తుతారు. మంట కనిపిస్తే 101. తెల్లటి పొగలా ద్రవం చిమ్ముతుంటే చేయి అడ్డం పెట్టకండి, చర్మం గడ్డకట్టి కాలినట్టే అవుతుంది.

నాన్నగారి ఆక్సిజన్ సిలిండర్ కూడా ఉంది. అదీ ఇలాగేనా?

దాని తీరు వేరు. ఎల్పీజీ బండలో ఉండే ఒత్తిడి కంటే ఎన్నో రెట్లు, నిండుగా ఉన్నప్పుడు చదరపు సెంటీమీటరుకి 150 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. పడిపోయి వాల్వ్ విరిగితే ఆ సిలిండర్ రాకెట్‌లా దూసుకుపోగలదు. కాబట్టి వాల్వ్ మూసి, మీటర్ విప్పేసి, కట్టేసి తీసుకెళ్లాలి. ఆక్సిజన్ తను మండదు గానీ పక్కనున్న ప్రతిదాన్నీ విపరీతంగా మండిస్తుంది. నూనె చేతులతో, గ్రీజు గుడ్డతో వాల్వ్ ముట్టుకోకూడదు, గ్యాస్ బండతో ఒకే బండిలో పెట్టకూడదు. అద్దెకి తెచ్చినదైతే వాళ్లకే ఇచ్చేసి కొత్త ఏరియాలో ఇంకోటి తెచ్చుకోవడం తేలిక, కానీ మారే రోజు ఆయనకి మధ్యలో ఆగకుండా ముందే అక్కడ ఒకటి సిద్ధంగా ఉంచండి.

హాస్టల్ రూమ్‌లో వాడే చిన్న బుడ్డి గ్యాస్?

పైనే పొయ్యి బిగించి ఉండే, గల్లీలో పెద్ద బండలోంచి నింపించుకొచ్చే బుడ్డి గురించి అడుగుతున్నారంటే, దాన్ని రవాణా చేయడం కాదు, వదిలించుకోవడం మంచిది. అలా నింపడమే చట్టవిరుద్ధం. ఆయిల్ కంపెనీలే అమ్మే 5 కిలోల సిలిండర్ ఉంది, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, చిరునామా రుజువు అక్కర్లేదు. అద్దె గదులు మారే బ్యాచిలర్లకి అదే సుఖం, ఒక చేత్తో ఎత్తొచ్చు కూడా.

మేం అమెరికాలో ఉంటాం, గ్రిల్ ట్యాంక్ సంగతేంటి?

అక్కడ కూడా మూవర్లు ప్రొపేన్ ట్యాంక్ తీసుకోరు. నిండుగా ఉన్నదాన్ని స్నేహితుడి పెరట్లోకి ఇచ్చేసి, కొత్త ఊళ్లో షాపు ముందు మార్పిడికి పెట్టే 20 పౌండ్ల ట్యాంక్ కొనుక్కోండి. అపార్ట్‌మెంట్‌కి మారుతుంటే బాల్కనీలో గ్రిల్ ఒప్పుకుంటారో లేదో లీజులో ముందు చూడండి.

ఏజెన్సీలో అడ్రస్ మార్చకపోయినా రీఫిల్ పాత ఇంటికి తెప్పించుకుని మోసుకుపోతున్నాం. తప్పేంటి?

ప్రతిసారీ మోయడం ఒకటి. రెండోది ఎవరూ చెప్పనిది, బీమా. ఆయిల్ కంపెనీలు తమ వినియోగదారులందరికీ కలిపి బీమా తీసుకుంటాయి, మనం ప్రీమియం కట్టక్కర్లేదు. ఎల్పీజీ ప్రమాదంలో మనిషి పోతే 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా ఇస్తారు. ఆ ఆస్తి నష్టం వర్తించేది రికార్డుల్లో ఉన్న చిరునామాకి. మీ పేరు మీద దిల్‌సుఖ్‌నగర్ ఉండి వంటిల్లు మియాపూర్‌లో కాలితే ఆ డబ్బు కోసం ఎవరి చుట్టూ తిరుగుతారు? ఓ గంట కూర్చుని మార్పించుకోండి.

కొత్త ఇంట్లో పైపు గ్యాస్ ఉంది. పాత పొయ్యి పనికొస్తుందా?

అలాగే కలిపేస్తే పనికిరాదు, జెట్లు మార్చాలి. కనెక్షన్ ఇచ్చే సంస్థ మనిషే వచ్చి మారుస్తాడు.

చేరాక ఎలా బిగించాలి?

బండని దించగానే బిగించకుండా కాసేపు నిలబెట్టి ఉంచండి, కుదుపులకి కదిలిన ద్రవం సర్దుకుంటుంది. గట్టు మీద పొయ్యి, నేల మీద బండ, ఎప్పుడూ పొయ్యే ఎత్తులో. సెల్లార్‌లో, కింద గుంటలా ఉన్న అరలో, గాలి ఆడని కబోర్డులో బండ పెట్టొద్దు. ఇంటీరియర్ అందంగా ఉందని బండని మూసి దాచే డిజైన్లు నాకు అస్సలు నచ్చవు, కనీసం తలుపుకి కిందా పైనా కన్నాలు పెట్టించండి. కాషాయం రంగు సురక్ష ట్యూబు మీద తేదీ చూడండి, ఐదేళ్లు దాటితే మార్చండి, ఎలాగూ ఇల్లు మారారు కదా. మూత తీశాక వాల్వ్ లోపల నల్ల రబ్బరు రింగు ఉందో లేదో చూడండి, అది లేకపోతే రెగ్యులేటర్ బిగించగానే పక్కలనుంచి కారుతుంది. బిగించాక ప్రతి అతుకు దగ్గరా సబ్బు నురగ రాసి చూడండి.

పాలు పొంగించాలి కదా, అందుకు బండ అన్నిటికంటే ముందు వెళ్లాలంటున్నారు మా అమ్మ?

అమ్మలందరూ అంటారు. తొందరంతా ఇక్కడే మొదలవుతుంది. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకి, సామాన్ల బండి వచ్చేది పదింటికి, అందుకని ముందు రోజు రాత్రి ఎవరో ఒక కుర్రాడు బండని స్కూటీ మీద వేసుకుని బయల్దేరతాడు. దాని బదులు ముందు రోజు పగలే ట్రాలీ ఒకటి మాట్లాడి, బండ, పొయ్యి, పాలగిన్నె, దేవుడి సామాను ఒక ట్రిప్పులో పంపేయండి. వెలుతురు ఉండగానే బిగించి, నురగ పరీక్ష చేసి, రెగ్యులేటర్ ఆఫ్ చేసి రండి. లేదా ఆ ఒక్క పూటకి కుంపటి తెచ్చుకోండి, మా పెద్దమ్మ ఇప్పటికీ గ్యాస్ మీద పొంగించినవి లెక్కలోకి రావంటుంది.

గ్యాస్ మీదే అయితే, పాలు పొంగిన క్షణం ఏం జరుగుతుందో చూడండి. అందరూ తూర్పు వైపు పొంగాయా లేదా అని చూస్తుంటారు, ఫోన్లు పైకి లేస్తాయి, అక్షింతలు పడతాయి. పొంగిన పాలు బర్నర్ మీద పడి మంట చప్పున ఆరిపోతుంది, నాబ్ మాత్రం తెరిచే ఉంటుంది. కొత్త ఇంటి కిటికీలు చలికనో దోమలకనో మూసే ఉంటాయి, రెండడుగుల దూరంలో దీపారాధన వెలుగుతుంటుంది. ఫొటోలో ఉండక్కర్లేదనుకునే మనిషిని ఒకరిని చూసి నాబ్ దగ్గర నిలబెట్టండి. మా ఇంట్లో ఆ డ్యూటీ నాదే, అందుకే ఏడు ఇళ్ల పాల ఫొటోల్లోనూ నా మోచేయి మాత్రమే కనిపిస్తుంది.